ఏటా ఒక గేదె

ఉన్నత విద్యా చేయూత మండలి వారు పేద పిల్లల ఫీజులు కట్టడం మొదలుపెట్టి మూడేళ్లు గడిచాక, మండలిలో ఎవరికో ఒక అనుమానం వచ్చింది. ఫీజు మనం కడుతున్నాం సరే, మరి ఆ పిల్లల అమ్మానాన్నలు ఏం చేస్తున్నట్టు? అనుమానం వచ్చాక ఊరుకుంటే అది ఆఫీసు అనిపించుకోదు గదా. వెంటనే ఒక కమిటీ వేశారు. కమిటీ పదకొండు జిల్లాలు తిరిగి, పదకొండు జిల్లాల్లోనూ భోంచేసి, నాలుగు వందల పేజీల నివేదిక సమర్పించింది. ఆ నాలుగు వందల పేజీల్లో తేలిందేమిటంటే, ప్రభుత్వం ఫీజు కడితే తల్లిదండ్రులు ఫీజు కట్టడం మానేస్తున్నారు.

మండలి నివ్వెరపోయింది. ఇంత ఘోరం మన కళ్ల ముందే జరుగుతోందా అని సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ జబ్బుకు ‘కుటుంబ మద్దతు స్థానభ్రంశం’ అని పేరు పెట్టారు. పేరు పెట్టిన సాయంత్రమే మందు కూడా కనిపెట్టారు. దాని పేరు ‘మద్దతు నిలకడ నిబంధన’. సాయం అందకముందు కుటుంబం పిల్ల చదువు కోసం ఎంత త్యాగం చేసిందో, సాయం అందాక కూడా ఏటా అంత త్యాగమూ చేస్తూనే ఉండాలి. చేయకపోతే సాయం ఆగిపోతుంది.

ఏరువపాలెంలో ఉండే గురవమ్మకు ఈ సంగతులేవీ తెలియవు. ఆమెకు తెలిసిందల్లా ఒక్కటే. కూతురు భార్గవి జిల్లా కేంద్రంలో నర్సింగు రెండో ఏడు చదువుతోంది, పరీక్షలు ఇంకా ఇరవై రోజులున్నాయి, కాలేజీ వాళ్లు మాత్రం హాల్ టికెట్ ఇవ్వబోమంటున్నారు. మండలి నుంచి ఫీజు వస్తేనే టికెట్. టికెట్ లేకపోతే ఏడాది పోతుంది, ఏడాది పోతే సీటే పోతుందని కాలేజీ గుమాస్తా వక్కపొడి నములుతూ చెప్పాడు. గురవమ్మ భర్త మాలకొండయ్య తాపీ పని మీద వేరే జిల్లాలో ఉన్నాడు. అందుకని ఆమె కూలి మానుకుని, భార్గవిని వెంటబెట్టుకుని మండలి జిల్లా కార్యాలయానికి వెళ్లింది.

అక్కడ సహాయ సంచాలకులు వామనమూర్తిగారు కంప్యూటర్లోకి తొంగిచూసి, వైద్యుడు రోగి బంధువులతో మాట్లాడే గొంతుతో అన్నారు.

“మీ మద్దతు నూటికి నూరు శాతం పతనమైందమ్మా.”

“పతనమంటే ఏంది సారూ?” అంది గురవమ్మ.

“గత సంవత్సరం దరఖాస్తులో పన్నెండో గడి చూడండి. ‘విద్యార్థిని చదువు నిమిత్తం కుటుంబం చేసిన త్యాగం.’ అందులో గేదె, ఒకటి అని ఉంది. ఈ సంవత్సరం అదే గడిలో ‘ఏమీ లేదు’ అని రాశారు.”

“అవును సారూ. పోయినేడు మీ డబ్బులు రావడం ఆలస్యమైంది గదా, సీటు పోతదని గేదెనమ్మి కట్టాం. ఈ ఏడు మీరు కడతన్నారు. ఇంక గేదెతో పనేముంది?”

వామనమూర్తిగారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “చూశారా? సరిగ్గా ఈ మనస్తత్వాన్నే కమిటీ ఎత్తిచూపింది. రాజ్యం ఒక చెయ్యి అందించగానే కుటుంబం తన చెయ్యి వెనక్కి లాక్కుంటోంది. ఇది ఆరోగ్యకరమైన ధోరణి కాదు.”

“లాక్కోడానికి ఏముంది సారూ? ఉన్నదే ఒక గేదె. అది పోయింది.”

“ఆధార సంవత్సరంలో, అంటే పోయినేడు, గేదె ఒకటి గనక, ఏటా గేదె ఒకటి. నిబంధనలో ఏ సందిగ్ధతా లేదు.”

“లేని గేదెను ఎట్టా అమ్మేది?”

“కొని అమ్మండి.”

“కొనడానికి దుడ్లో?”

“గేదెల సేకరణ మా పరిధిలోకి రాదు.”

గురవమ్మ బేరం ఆడే పద్ధతిలో ముందుకు వంగింది. “పోనీ సారూ, దాని బదులు ఇంకోటి రాసుకోండి. రాత్రిపూట నేను అన్నం మానేసి ఆర్నెల్లయింది. మా ఆయన మోకాలికి ఆపరేషను చెయ్యాలన్నారు, అదీ ఆపాం. పిల్ల హాస్టలుకీ పుస్తకాలకీ కావాల గదా.”

భార్గవి తల్లి వంక చటుక్కున చూసింది. రాత్రి అన్నం సంగతి ఆ పిల్లకు ఇప్పుడే తెలిసింది.

వామనమూర్తిగారు జాలిగానే తలూపారు. “అవన్నీ కొత్త త్యాగాలమ్మా. ఆధార సంవత్సరంలో లేవు. నమోదు కాని త్యాగాలను పరిగణిస్తూ పోతే, రేపు ప్రతివాడూ తనకు తోచిన త్యాగం చేస్తాడు. వ్యవస్థ ఏమైపోవాలి?”

గురవమ్మ వెనక వరుసలో చెంచురామయ్య అనే ఆసామి ఉన్నాడు. బజార్లో రెండంతస్తుల మేడ, కింద ఎరువుల కొట్టు, వేళ్లకు నాలుగు ఉంగరాలు. ఆయన పేదల జాబితాలోకి ఎలా వచ్చాడని అడగడం మర్యాద కాదు. ఆయన దరఖాస్తులో పోయినేడు త్యాగం ‘లేదు’. ఈ ఏడు త్యాగం ‘లేదు’. వామనమూర్తిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

“నూరు శాతం నిలకడ! రవంత కూడా తగ్గలేదు!” అని చెయ్యి కలిపి, మంజూరు కాగితంతో పాటు ఒక ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. ఓ మూల బెంచీ మీద ఒక ముసలాయన తల పట్టుకు కూర్చున్నాడు. ఆయన పోయినేడు పెద్ద మనవణ్ణి చదువు మాన్పించి చిన్న మనవణ్ణి చదివిస్తున్నానని రాశాడు. ఈ ఏడు మాన్పించడానికి ఇంకో మనవడు లేడు.

పది రోజుల్లోగా క్షేత్ర పరిశీలకుడి సమక్షంలో గేదెను అమ్మి చూపాలని కాగితం రాసిచ్చారు.

ఆటోలో భార్గవి తల్లి మీద విరుచుకుపడింది. “అసలు పోయినేడు ఆ గేదె సంగతి ఎందుకు చెప్పావమ్మా? లేదు అంటే పోయేది గదా!”

ఎందుకు చెప్పిందో గురవమ్మకు బాగా గుర్తుంది. ఆ రోజు కాగితం నింపే ఆయన పన్నెండో గడి చదివి వినిపిస్తే, ఆమెకు ఒళ్లంతా గర్వంగా అనిపించింది. గురవమ్మ అనే ఆడమనిషి తన గేదెనమ్మి కూతుర్ని చదివించిందని సర్కారు కాగితం మీద ఉంటే బాగుంటుందనుకుంది. “రాయండి సారూ, చుక్కగేదె, ఈనడం రెండోసారి” అని అడక్కపోయినా వివరంగా చెప్పింది. చక్కగా చెప్పి చిక్కులో పడింది.

గేదెను కొన్నది పాలకేంద్రం పేరయ్య. గురవమ్మ వెళ్లి సంగతంతా చెబితే పేరయ్య చాలాసేపు నవ్వి, తరవాత నవ్వు ఆపుకుని అన్నాడు.

“తోలుకుపో చెల్లే. అమ్మినట్టు నువ్వు అమ్ము, కొన్నట్టు నేను కొంటా. నాకేం ఇవ్వబాకు, గేదెకి ఒక పచ్చగడ్డి మోపు ఎయ్యి చాలు. సాయంత్రం పాలు పితికే ఏళకి మాత్రం నా కొట్టంలో ఉండాల.”

రెండో రోజు పొద్దున్నే క్షేత్ర పరిశీలకుడు మోటారుసైకిలు మీద వచ్చాడు. చేతిలో ఫోను, ఫోనులో యాప్. అమ్మేవాళ్ల ఫొటో, కొనేవాళ్ల ఫొటో, గేదె ఫొటో, మూడూ ఒకేచోట తీసినట్టు యాప్ ఒప్పుకోవాలి. గేదె తన పాత ఇంటికొచ్చిన సంబరంలో గురవమ్మ భుజం నాకుతోంది. గురవమ్మ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది.

“అమ్మా, కొంచెం బాధ పడండి” అన్నాడు పరిశీలకుడు.

“ఎందుకు నాయనా?”

“త్యాగం చేస్తున్నారు గదా. నవ్వితే యాప్ తీసుకోవట్లేదు. ‘లబ్ధిదారు ముఖంలో వేదన కనిపించలేదు’ అని వస్తోంది.”

గురవమ్మ మొహం ముడుచుకుంది. చాలలేదు. పెదవి విరిచింది. చాలలేదు. పేరయ్య పక్కనుంచి “పోయినేడు నేను తోలుకుపోయిన రోజు గుర్తు చేసుకో చెల్లే” అన్నాడు. గురవమ్మ గుర్తు చేసుకుంది. ఆ రోజు వీధి మలుపు దాకా గేదె వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్లడం, ఆ సాయంత్రం అలవాటు కొద్దీ తను ఖాళీ కొట్టంలోకి తవుడు బక్కెట్టు పట్టుకెళ్లడం గుర్తొచ్చాయి. ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది. ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది.

“చాలమ్మా, అంత అక్కర్లేదు” అన్నాడు పరిశీలకుడు కంగారుపడి. “అరవై శాతం వేదన ఉంటే చాలు. మీది తొంభై నాలుగొచ్చింది.”

ఆ కబురు చుట్టుపక్కల ఊళ్లకు పాకడానికి ఒక పూట పట్టింది. ఆ తట్టు పల్లెల్లో పిల్లల్ని పెద్ద చదువులకు పంపడమంటే గేదెనమ్మడమే. ముప్పై ఇళ్ల వాళ్ల దరఖాస్తుల్లో పన్నెండో గడిలో గేదె ఒకటి ఉంది, ఆ ముప్పై ఇళ్లలోనూ ఇప్పుడు గేదె లేదు. అందరూ పేరయ్య ఇంటిముందు వరుస కట్టారు. పేరయ్య మంచివాడు, పైగా పచ్చగడ్డి ఖరీదైన రోజులు. ఎవరినీ కాదనలేదు.

చుక్కగేదె రోజుకు నాలుగేసి ఇళ్లలో అమ్ముడుపోయింది. మూడు రోజులయ్యేసరికి దానికి పని పూర్తిగా తెలిసిపోయింది. మోటారుసైకిలు చప్పుడు వినపడగానే తనంతట తనే వెళ్లి వాకిట్లో నిలబడి ఫోను వైపు మొహం పెట్టేది. ఫొటో అయిపోగానే ఎవరూ తోలకుండానే పక్కింటికి బయల్దేరేది. ముప్పై ఒక్క ఇళ్ల త్యాగాలు తిని నిగనిగలాడుతూ బలిసింది. పరిశీలకుడికి అనుమానం రాలేదా అంటే, రాలేదు. ఆయన చూడాల్సింది వేదన శాతం. గేదె మొహం చూడమని ఆయనకిచ్చిన కాగితంలో లేదు.

ఈ లెక్కలు రాజధానికి చేరగానే మండలి కార్యదర్శిగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఒక్క వారంలో ఒక్క ప్రాంతం నుంచి ముప్పై ఒక్క గేదెల త్యాగం! నిబంధన పెట్టగానే కన్నప్రేమ ఇలా ఉప్పొంగింది. కార్యదర్శిగారు స్వయంగా బయల్దేరి వచ్చారు. కల్యాణమండపంలో సభ పెట్టి, త్యాగం చేసిన ఇళ్ల వాళ్లందర్నీ మొదటి వరుసలో కూర్చోబెట్టారు. గురవమ్మకు అందరికన్నా ఎక్కువ వేదన ఉన్నందుకు వేదిక మీద కుర్చీ వేశారు.

“తల్లిదండ్రుల బాధ్యతా స్ఫూర్తిని పునరుజ్జీవింపజేయడంలో మన మండలి దేశానికే దిక్సూచి” అని కార్యదర్శిగారు ఉపన్యాసం ఎత్తుకున్నారు. వెనక తెర మీద ఫొటోలు ఒకదాని తరవాత ఒకటి పడుతున్నాయి. తల్లీ గేదే. తండ్రీ గేదే. తాతా గేదే. కార్యదర్శిగారు ఓసారి తిరిగి చూసి ఆగారు. మళ్లీ చూశారు. సభ ఊపిరి బిగబట్టింది.

“ఒక విశేషం గమనించండి” అన్నారు కార్యదర్శిగారు. “ఈ ప్రాంతపు గేదెలన్నింటికీ నుదుట తెల్లచుక్క ఉంది. ఇదొక ప్రత్యేకమైన స్థానిక జాతిగా కనిపిస్తోంది. దీని సంరక్షణకు ఒక కమిటీ వేయవలసిన అవసరం ఉంది.”

చప్పట్లు మోగాయి. అందరూ గండం గడిచిందనుకున్నారు. అంతలో, ఆ కొత్త జాతిని చూద్దామన్న ఉత్సాహంతో పశువుల డాక్టరుగారు తెర దగ్గరికొచ్చి, గేదె చెవికున్న పసుప్పచ్చ బిళ్ల మీది అంకెలు పైకి చదివారు. ఇంకో ఫొటోలోవీ చదివారు. ఇంకోదానిలోవీ చదివారు. పాపం ఆయనది చెడ్డబుద్ధి కాదు, అంకెలు కనిపిస్తే చదవడం ఆయన వృత్తి. చప్పట్లు వాటంతటవే ఆగిపోయాయి.

ఆ రాత్రికి రాత్రే విచారణ సంఘం ఏర్పడింది. మూడు రోజుల్లో తీర్పు కూడా ఇచ్చింది. ముప్పై ఒక్క మంది విద్యార్థుల చదువుకూ నిజంగా మద్దతు ఇచ్చింది తల్లిదండ్రులు కాదు, సదరు గేదె. కనుక ఆ విద్యార్థులందరికీ ప్రధాన సంరక్షకురాలు గేదె. సంరక్షకురాలి దినాదాయం ఎనిమిది లీటర్ల పాలు. ఆమె ముప్పై ఒక్క గృహాలలో నివసిస్తున్నట్టు మండలి దస్త్రాలే ధ్రువీకరిస్తున్నాయి గనక, సాలీనా తొంభై వేల లీటర్ల పైచిలుకు. ఇంత ఆదాయం గల సంరక్షకురాలి పిల్లలు పేదలు ఎలా అవుతారు? ముప్పై ఒక్క దరఖాస్తులూ తిరస్కరించడమైనది.

అప్పటికి పరీక్షలు ఇక రెండు రోజుల్లో పడ్డాయి. గురవమ్మ మళ్లీ కార్యాలయానికి వెళ్లింది. ఈసారి బేరమాడే ఓపిక కూడా లేదు. వామనమూర్తిగారి బల్ల ముందు నిలబడి, “సారూ, గేదె సంగతి తప్పే. నన్ను జైల్లో పెట్టండి. పిల్ల టికెట్టు మాత్రం ఇప్పించండి” అంది. భార్గవి పక్కన నేల చూస్తూ నిలబడింది.

వామనమూర్తిగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. ఆయనకూ ఇద్దరు ఆడపిల్లలున్నారు. రూల్సు ఆయన రాసినవి కావు, కాకపోతే చదివీ చదివీ ఆ భాష ఆయన నోటికి పట్టేసింది.

“ఒక దారుందమ్మా. సంరక్షకురాలు గేదె కాదు, నేనే అని మీరు రాసిస్తే ఆదాయం గొడవ పోతుంది. అయితే అప్పుడు పన్నెండో గడి మళ్లీ అడ్డొస్తుంది. అందుకని ఆధార సంవత్సరపు నమోదును కూడా సవరించాలి. శూన్య మద్దతు ప్రమాణపత్రం అని ఒకటుంది. పోయినేడు మీరు ఏ త్యాగమూ చేయలేదని మీరే ఒప్పుకుంటే, అప్పుడూ సున్నా, ఇప్పుడూ సున్నా. నూరు శాతం నిలకడ. గంటలో డబ్బు విడుదల చేయిస్తా.”

“గేదెనమ్మింది నిజమే గదా సారూ?”

“అమ్మారు. పిల్ల చదువు కోసం కాదు. ఊరికే అమ్మారు.”

ఆయన కాగితం తీసి చదివారు. “‘నా కుమార్తె చదువు నిమిత్తం నేను ఎన్నడూ ఏ విధమైన సహాయమూ చేసి ఉండలేదు. ఇకముందు చేయబోను.’ ఇక్కడ మీరు సంతకం పెట్టాలి. కింద ‘పై విషయం నాకు తెలిసినంతవరకు వాస్తవము’ అని అమ్మాయి పెట్టాలి.”

గురవమ్మ పెన్ను అందుకుంది. ఆమెకు సంతకం చెయ్యడం వచ్చు, పొదుపు సంఘంలో నేర్చుకుంది. ఒక్కో అక్షరమూ కూడబలుక్కుని పేరు రాసింది. ఏడాది కిందట ఇలాంటి కాగితం మీదే తన గొప్ప రాయించుకుంది. దాన్ని ఇప్పుడు తన చేత్తోనే కొట్టేసింది. బాధేసింది. కానీ పరీక్ష ఎల్లుండి.

భార్గవి మాత్రం పెన్ను ముట్టుకోలేదు.

“నేను పెట్టను.”

“పెట్టు” అంది గురవమ్మ.

“మా అమ్మ నాకేం చెయ్యలేదని నేను రాయాల్నా? నేను రాయను. చదువు పోతే పోయింది. నీతోపాటు కూలికొస్తా.”

గురవమ్మకు ఒళ్లు మండింది. అంతమందిలో గొంతు పెంచింది. “కూలికొస్తావా? నిన్ను కూలికి తీసుకుపోడానికా నేను గేదెనమ్మింది? ఆ గేదె ఉంటే ఈపాటికి ఇంకో ఈత ఈనేది. పుస్తకాలు చదవడం వచ్చింది గానీ నీకింత బుద్ధి రాలా. నాలుగు అక్షరాలు అబద్ధం రాస్తే చెయ్యి పడిపోద్దా? నేను రాయలా? పెట్టు. పెట్టకపోతే ఇంటికి రాబాకు.”

భార్గవి పెట్టింది. సంతకం మీద ఒక నీటి చుక్క పడితే వామనమూర్తిగారు తన జేబురుమాలుతో అద్ది, ఆరనిచ్చి, ముద్ర కొట్టారు. అన్నమాట ప్రకారం గంటలో కాలేజీకి కబురు వెళ్లింది. వాళ్లు బయల్దేరేముందు ఆయన ఒక హెచ్చరిక కూడా చేశారు.

“మీరు జాగ్రత్తగా ఉండాలమ్మా. ఇకమీదట అమ్మాయికి మీరేం చేసినా మద్దతు పెరిగినట్టు. తగ్గినా ఉల్లంఘనే, పెరిగినా ఉల్లంఘనే. ఈ ప్రమాణపత్రం ఇచ్చినవాళ్ల మీద మా పరిశీలకుల కన్ను ఉంటుంది.”

హాల్ టికెట్ తీసుకోవడానికి తల్లీకూతుళ్లు కాలేజీ వైపు వెళ్లే షేర్ ఆటో ఎక్కారు. కదలబోతుండగా అదే ఆటోలోకి క్షేత్ర పరిశీలకుడు కూడా ఎక్కాడు. ఆయన మోటారుసైకిలు రిపేరుకిచ్చాడు. గురవమ్మను గుర్తుపట్టి పలకరింపుగా నవ్వి, వాళ్లిద్దరి మధ్యా ఉన్న ఖాళీలో కూర్చున్నాడు.

కాలేజీ గేటు దగ్గర ముగ్గురూ దిగారు. డ్రైవరు చెయ్యి చాపాడు.

“మీరిద్దరూ ఒకటేనా అమ్మా?”

గురవమ్మ పరిశీలకుడి వైపు చూసింది. ఆయన ఫోను చేతిలోనే ఉంది.

“కాదు నాయనా” అంది. “ఆ పిల్లెవరో నాకు తెలీదు. ఎవరి డబ్బులు వాళ్లవే.”

ఆ మాట అన్నాక ఆమె తల ఎత్తలేకపోయింది. బొడ్డుసంచి ముడి ఎంతకీ రావడం లేదు. ఈలోగా భార్గవి ముందుకొచ్చి డ్రైవరుకు నోటు ఇచ్చింది.

“అన్నా, ఆమెవి కూడా ఇందులోనే తీసుకో.”

పరిశీలకుడు ఫోనులోంచి తలెత్తాడు. “ఆమె మీకేమవుతుందమ్మా?”

“ఏమీ కాదు సార్” అంది భార్గవి. “పోయినేడు ఈమె ఒక గేదెనమ్ముకుంది. ఎందుకమ్ముకుందో ఆమెకే తెలీదంట. చూస్తే జాలేసింది, అంతే.”

డ్రైవరు చిల్లర ఇచ్చాడు. భార్గవి ఆ చిల్లరను గురవమ్మ చేతిలో పెట్టి, ఆ చెయ్యిని వదలడానికి కొంచెం ఆలస్యం చేసి, గేటు లోపలికి వెళ్లింది.